స్టేజి మీద క్లిక్ పెట్టుకుని వాయించడం ఎలా?

రిహార్సల్లో 96 బీపీఎం (నిమిషానికి 96 బీట్లు) దగ్గర హాయిగా నడిచిన పాట, స్టేజి ఎక్కి జనం ఈలలు వేయగానే 104కి వెళ్లిపోతుంది. వాయించేవాళ్లకి ఆ తేడా తెలియదు, గుండె కూడా ఆ ఊపులోనే కొట్టుకుంటుంటుంది కాబట్టి. పాడేవాళ్లకి మాత్రం చరణంలో ఊపిరి తీసుకునే సందు దొరకదు. ఈ ఇబ్బంది పడీ పడీ బ్యాండ్లు చివరికి క్లిక్ దగ్గరికి వస్తాయి. వాయించేవాళ్ల చెవిలో మాత్రమే వినిపిస్తూ వేగం చెప్పే టిక్ టిక్ అది, జనానికి వినపడదు. ల్యాప్‌టాప్ నుంచి స్ట్రింగ్స్, కోరస్, ఫ్లూట్ లాంటివి కూడా నడిపించాలనుకుంటే ఇక క్లిక్ లేకుండా కుదరదు, ముందే రికార్డు చేసిన ఆ ట్రాక్ మన కోసం ఆగదు కదా.

పద్ధతి పాతదే. కార్టూన్ సినిమాలకి సంగీతం రికార్డు చేసేవాళ్లు ఫిల్ముని బట్టే టిక్కు పెట్టుకునేవాళ్లు: సెకనుకి 24 ఫ్రేములు, 12 ఫ్రేములకో టిక్కు పెడితే నిమిషానికి సరిగ్గా 120. స్టేజి మీద చూస్తే, ద హూ బ్యాండ్ డ్రమ్మర్ కీత్ మూన్ 1970ల్లోనే చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సింథసైజర్ టేపుతో కలిసి వాయించాడు.

నేను డ్రమ్స్ వాయిస్తాను. మేం ఐదుగురం, ఎక్కువగా పెళ్లి సంగీత్‌లు, కాలేజీ ఫెస్ట్‌లు. మాకు పనికొచ్చినవే కింద రాస్తున్నాను.

ముందు టెంపో తేల్చుకోండి

ఒరిజినల్ పాట టెంపో (వేగం) ఎంతో చూసి అదే పెట్టేయడం చాలామంది చేసే పొరపాటు. మీ బ్యాండ్ ఆ పాటని ఎంతలో వాయిస్తే బాగుంటుందో అదే మీ టెంపో. క్లిక్ లేకుండా రిహార్సల్లో రెండు మూడు సార్లు వాయించి ఫోన్‌లో రికార్డు చేయండి, మర్నాడు తీరిగ్గా వింటూ మెట్రోనోమ్ యాప్‌లో ట్యాప్ బటన్ నొక్కుతూ పల్లవికి ఎంత, చరణానికి ఎంత వస్తోందో రాసుకోండి. ఈ పని మర్నాడే చేయాలి, వాయించిన వేడిలో వింటే అన్నీ నెమ్మదిగానే అనిపిస్తాయి. ఆ తర్వాత పాడేవాళ్లని పక్కన నిలబెట్టి పల్లవి పాడించండి, ఆఖరి మాట వాళ్లదే. స్టేజి మీద కాస్త ఊపు కావాలి కాబట్టి ఒరిజినల్ కన్నా రెండు మూడు బీట్లు ఎక్కువ పెట్టినా తప్పులేదు.

పాత సినిమా పాటలతో ఒక జాగ్రత్త. పెద్ద ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారే కూర్చుని వాయించిన రోజుల పాటలు చాలావరకు ఒకే టెంపోలో ఉండవు, ఇంటర్లూడ్‌లో కొంచెం లేస్తాయి, చరణంలో కొంచెం తగ్గుతాయి. ఒకే అంకె పెట్టి వాయిస్తే పాటలో ప్రాణం పోతుంది. ల్యాప్‌టాప్‌లో ఏబుల్టన్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడుతుంటే భాగానికో టెంపో పెట్టుకోవచ్చు, ఇంటర్లూడ్‌కి 2 పెంచి చరణానికి మళ్లీ దింపితే చాలు, పాట ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది.

క్లిక్ ఎలా వినపడాలి

హైహ్యాట్‌లా (డ్రమ్స్‌లో కాలితో మూసే జంట తాళాలు) ఉండే సన్నని టిక్కు పెట్టుకోకండి, మీ హైహ్యాట్‌లోనే అది కలిసిపోతుంది. చెక్క మీద కొట్టినట్టుండే శబ్దం గానీ కౌబెల్ గానీ బాగా తెలుస్తుంది. మొదటి బీటు మిగతావాటికన్నా వేరే స్థాయిలో మోగాలి, దారి తప్పినా ఒకటి ఎక్కడుందో దొరుకుతుంది.

నెమ్మది పాటల్లో, అంటే 60, 65 దగ్గర, టిక్కుకీ టిక్కుకీ మధ్య దాదాపు సెకను ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలోనే మనం పరిగెత్తుతాం. మధ్యలో చిన్నగా ఇంకో టిక్కు పెట్టుకోండి. మన పాటల్లో బాగా తగిలే 6/8కి, అంటే ఆరు దెబ్బల నడకకి, ఒకటి, నాలుగు గట్టిగా, మిగతావి సన్నగా. యాప్ తెరవగానే ఉండే 4/4నే (నాలుగు దెబ్బల నడక) వదిలేస్తే గట్టి టిక్కు ప్రతి ఆవృతంలో చోటు మారి మతి పోగొడుతుంది. మిశ్ర చాపు అయితే తకిట తకధిమి, ఖండ చాపు అయితే తక తకిట, ఆ విరుపుల దగ్గరే గట్టి టిక్కు పడేలా పెట్టుకుంటే లెక్క పెట్టుకునే పనే ఉండదు.

వాల్యూమ్ గురించి గట్టిగా చెప్పాలి. డ్రమ్స్ శబ్దం మీద క్లిక్ వినపడాలని పెంచుకుంటూ పోతే చెవులు పాడవుతాయి, పోయిన వినికిడి తిరిగి రాదు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి 8 గంటలకన్నా ఎక్కువ వినకూడదన్నది లెక్క, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం అవుతుంది. అందుకని చెవిని పూర్తిగా మూసే ఇయర్‌ఫోన్స్ కొనండి, బయటి శబ్దం తగ్గితే క్లిక్ చిన్నగా పెట్టినా చాలు. బ్లూటూత్‌వి మాత్రం వద్దే వద్దు. వాటిలో శబ్దం సెకనులో పదో వంతో, అంతకన్నా ఎక్కువో ఆలస్యంగా వస్తుంది, 120 టెంపోలో బీటులో పావు వంతు అంటేనే సెకనులో ఎనిమిదో వంతు.

వైరింగ్

డబ్బు ఎక్కువ పెట్టలేకపోతే, పాట ఫైల్‌లో ఎడమవైపు క్లిక్, కుడివైపు ట్రాక్ పెట్టి, ల్యాప్‌టాప్ జాక్ నుంచి రెండుగా చీలే కేబుల్ వాడండి. ఎడమది మీ దగ్గరున్న చిన్న మిక్సర్‌కి, కుడిది డీఐ బాక్స్ (సిగ్నల్‌ని సౌండ్ వాళ్ల మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న డబ్బా) ద్వారా సౌండ్ వాళ్లకి. ట్రాక్ మోనోలో, అంటే ఎడమ కుడి తేడా లేకుండా వస్తుంది, ఫంక్షన్ హాల్లో ఆ తేడా ఎవరికీ తెలియదు. వీలుంటే నాలుగు అవుట్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేస్ (ల్యాప్‌టాప్ శబ్దాన్ని విడివిడిగా బయటికి పంపే పెట్టె) కొనండి, ట్రాక్‌కి రెండు, క్లిక్‌కి ఒకటి, నిశ్చింతగా ఉంటుంది.

ఒక సంగీత్‌లో పెళ్లికూతురు మెట్లు దిగుతోంది, లైట్లన్నీ ఆమె మీదే, మేం మెల్లగా మొదలుపెట్టాం. స్పీకర్లలోంచి హాలంతా టక్, టక్, టక్. హడావుడిలో జాకులు తారుమారయ్యాయి, చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్న నల్ల కేబుళ్లు మరి. సౌండ్ అబ్బాయి ఫేడర్ దించేసరికి నాలుగు టిక్కులు పడ్డాయి, ఆ అమ్మాయి ఆగి మా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. అప్పటి నుంచి క్లిక్ కేబుల్‌కి రెండు చివర్లా ఎర్ర టేపు చుడతాం, అది నా సీటు దాటి పోదు. సౌండ్ చెక్‌లో మొదట క్లిక్ ఒక్కటే ప్లే చేసి, ఒకరం హాలు చివరిదాకా నడిచి విని వస్తాం.

ల్యాప్‌టాప్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, నిద్రపోకుండా సెట్టింగ్ మార్చండి, బ్యాటరీ నిండుగా ఉంచండి. కరెంటు పోయి జనరేటర్‌కి మారే క్షణంలో మిక్సర్ ఆగినా ల్యాప్‌టాప్ ఆగకూడదు. చార్జర్ పెట్టగానే స్పీకర్లలో బుయ్‌మని మోత వస్తే అది చాలాసార్లు ఎర్తింగ్ సమస్య, డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కి చూడండి.

క్లిక్‌ని మాయం చేసే సాధన

అన్నిటికన్నా ముఖ్యం ఇదే, చాలామంది దాటేసేదీ ఇదే. మీ స్నేర్ దెబ్బ టిక్కు మీద సరిగ్గా పడితే టిక్కు వినపడదు, దెబ్బ కింద మునిగిపోతుంది. టిక్కు విడిగా, దెబ్బకి ముందో వెనకో వినపడుతోందంటే మీరు లాగుతున్నారనో పరిగెత్తుతున్నారనో అర్థం. ఒంటరిగా కూర్చుని 80లో మామూలు బీటు ఒక్కటే పది నిమిషాలు వాయించండి. మొదటి రెండు నిమిషాలు టిక్కు వెంట పడుతుంటారు, ఐదో నిమిషానికి అది అప్పుడప్పుడూ మాయమవుతుంది, ఆ మాయమైనప్పుడు చేతులు ఎంత తేలిగ్గా ఉన్నాయో గమనించండి. ఆ తేలికనే గుర్తుపెట్టుకోవాలి.

అది వచ్చాక టిక్కుల్ని సగానికి తగ్గించండి, రెండు, నాలుగు బీట్ల మీద మాత్రమే పడేలా. తర్వాత నాలుగు బార్లు (బారు అంటే ఒక ఆవృతం) క్లిక్ ఉండి నాలుగు బార్లు ఆగిపోయేలా పెట్టుకోండి, తిరిగి వచ్చినప్పుడు మీరెక్కడున్నారో అది చెబుతుంది. నాకు ఫిల్స్‌లోనే (భాగాల మధ్య వేసే చిన్న విన్యాసాలు) పరుగు ఎక్కువని ఇలాగే తెలిసింది, ఫిల్ మొదట్లో సరిగ్గా ఉండి, చివరి టామ్ దెబ్బ దగ్గరికి వచ్చేసరికి తొందరపడేవాణ్ణి.

ఎవరి చెవిలో ఏముండాలి

డ్రమ్మర్‌కి తప్పనిసరి, కీబోర్డ్ వాళ్లకి ఉంటే మంచిది. బేస్ వాళ్లు క్లిక్ కన్నా కిక్ డ్రమ్‌ని వింటేనే గ్రూవ్ కుదురుతుంది. ఢోలక్, తబలా వాళ్లు స్టేజికి అవతలి చివర కూర్చుంటే ఇయర్‌ఫోన్‌లో డ్రమ్సో క్లిక్కో ఇవ్వాలి, పది మీటర్ల దూరం నుంచి శబ్దం రావడానికి 29 మిల్లీసెకన్లు పడుతుంది, ఇద్దరి దెబ్బలూ విడివిడిగా వినిపించడానికి అది చాలు. పాడేవాళ్లకి టిక్కులు ఇవ్వకండి, భావం పోతుంది. వాళ్లకి ఎత్తుగడ తెలిస్తే చాలు, అందుకే మా కీబోర్డ్ అబ్బాయి గొంతుతోనే "చరణం... రెండు, మూడు, నాలుగు" అని రికార్డు చేసి, చరణానికి ఒక బారు ముందు మా అందరి చెవుల్లో పడేలా పెట్టాం.

ఆలాపనతో మొదలయ్యే పాటలకి ముందు క్లిక్ వద్దు. ఆలాపన ముగిశాక డ్రమ్మర్ ఫుట్‌స్విచ్ నొక్కితే రెండు బార్ల కౌంట్ వచ్చి పాట మొదలయ్యేలా చేసుకోండి.

తప్పినప్పుడు

తప్పుతుంది, ఎప్పుడో ఒకసారి. గాయకుడు చరణం ఒక బారు ముందే ఎత్తుకుంటాడు. క్లిక్ ఒక్కటే ఉంటే పర్లేదు, ఆయన్ని అనుసరించి పోవచ్చు. ట్రాక్ కూడా నడుస్తుంటే వెంటనే ట్రాక్ మ్యూట్ చేయాలి. ఎవరు చేయాలి, సైగ ఏమిటి అన్నది ముందే అనుకోండి, మాకైతే నేను కర్ర పైకెత్తి అడ్డంగా ఊపుతాను, కీబోర్డ్ అబ్బాయి నొక్కేస్తాడు. మీరే క్లిక్ నుంచి జారిపోతే ఒక్కసారిగా దూకి పట్టుకోకండి, బ్యాండ్ మొత్తం తూలుతుంది, ఒకటి రెండు బార్లలో మెల్లగా చేరండి. ఈ తప్పుల్ని కూడా రిహార్సల్లో కావాలనే చేయించి సరిచేసుకోవడం నేర్చుకోవాలి.

తీన్‌మార్‌కీ, అంతకంతకూ వేగం పెరిగే భజనలకీ మేం క్లిక్ వాడం. మా లిస్టులో ప్రతి పాట పక్కనా టెంపో రాసి ఉంటుంది. చివర్లో జానపదం ఉంటుంది, దాని పక్క గడి ఖాళీ. ఆ పాట వచ్చేసరికి నేను ఇయర్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుంటాను, స్టేజి ముందు ఎగురుతున్నవాళ్ల కాళ్లు చూసుకుంటూ వాయిస్తాను.