ముసురు రోజు నలుగురిని ఎలా పోగేయాలి

ముసురు పట్టిన మూడో రోజుకి ఇళ్ళు ఎలా ఉంటాయో గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. దండెం మీద బట్టలు ఆరవు, కరెంటు వస్తూ పోతూ ఉంటుంది, పొద్దున్న పదింటికి కూడా లైటు వేసుకోవాలి, ఫోను పట్టుకుని మంచం ఎక్కితే మళ్ళీ లేచేది భోజనానికే. మూడ్ వచ్చాక పని చూద్దాంలే అనుకుంటే ఆ మూడ్ రాదండి. ముందు ఒళ్ళు కదలాలి, ఉత్సాహం ఆ తర్వాత వస్తుంది. ఇదేదో నేను కనిపెట్టింది కాదు, డిప్రెషన్‌కి ఇచ్చే చికిత్సల్లో బిహేవియరల్ యాక్టివేషన్ అని ఒకటుంది, అందులో అసలు సంగతి ఇదే: మనసు బాగయ్యేదాకా ఆగకుండా, ఒక చిన్న పనికి టైము పెట్టుకుని, మనసు ఎలా ఉన్నా ఆ టైముకి మొదలుపెట్టేయడం. ఒక్కళ్ళం పెట్టుకున్న టైముని మనం ఎలాగూ ఎగ్గొడతాం. పక్కింటి పిన్ని గొడుగేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడితే ఎగ్గొట్టలేం కదా, అందుకే మనుషుల్ని పిలవమంటున్నాను.

ముగ్గురో నలుగురో చాలు. పది మందిని పిలిస్తే అది పేరంటం అవుతుంది, కుర్చీలూ పళ్ళేలూ వెతుక్కోవడంతోనే ఉన్న ఓపిక కాస్తా అయిపోతుంది. గొడుగేసుకుని నడిచి రాగలిగినంత దూరంలో ఉన్నవాళ్ళనే పిలవండి. వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ చూసి ఊరుకుంటారు, ఒక్కొక్కళ్ళకీ విడిగా ఫోన్ చేయండి. "ఎప్పుడైనా రండి" అంటే ఎవరూ రారు. "పిన్నీ, నాలుగింటికి రండి, తాటిపండ్లు వచ్చాయి, గుజ్జు తీద్దాం, అయిదున్నరకల్లా వదిలేస్తాను" అనండి. ఏం పనో తెలుస్తుంది, ఎప్పుడు బయటపడొచ్చో కూడా తెలుస్తుంది. నీరసంగా ఉన్న మనిషికి ఆ రెండోదే ముఖ్యం, ఎంతసేపు కూర్చోబెడతారో అన్న టెన్షన్‌తోనే చాలామంది రావడం మానేస్తారు.

ఊరికే కూర్చుని మాట్లాడుకోవడానికి పిలవకండి, చేతికి పని ఉండాలి. శ్రావణ భాద్రపదాల్లో అయితే తాటిపండు గుజ్జుని మించిన పని నాకు తోచదు, అది ఒక్క మనిషి చేస్తే విసుగు, నలుగురు చేస్తే గంటలో తేలిపోతుంది. పై తొక్క వలిచి, టెంకలు విడదీసి, కాసిని నీళ్ళు చల్లుకుంటూ పీచులోంచి గుజ్జు పిండుతుంటే మోచేతుల దాకా పసుపుపచ్చగా అవుతుంది, ఇక ఫోను ముట్టుకోవడం కుదరదు! చేదు పండు ఒక్కటి కలిసినా మొత్తం పాడవుతుంది కాబట్టి ఒక్కో పండు గుజ్జూ నాలుక మీద వేసి చూసి కలపండి. దాంట్లో బియ్యపు రవ్వ, బెల్లం, కొబ్బరి కోరు వేసి సన్నటి సెగ మీద రొట్టె వేస్తారో, పిండి కలిపి గారెలు వేస్తారో మీ ఇష్టం. టెంకలు పారేయకండి, పెరట్లో పాతర వేస్తే చలికాలంలో తేగలు తవ్వుకోవచ్చు, అప్పుడు మళ్ళీ నలుగురిని పిలవడానికి సాకు దొరుకుతుంది.

తాటిపండ్లు లేకపోతే కొబ్బరి ఈనెలు తీసి చీపుర్లు కట్టండి, శుక్రవారం పూజకి పూలు కట్టండి, పిల్లల పుస్తకాలకి అట్టలు వేయండి. మగవాళ్ళు పేకాట అంటారు, డబ్బులు పెట్టనంతవరకూ నాకేం అభ్యంతరం లేదు.

హాల్లో ట్యూబ్‌లైటు కింద కాకుండా వసారాలో కూర్చోండి, జల్లు పడని చోట. మబ్బు పట్టినా సరే, గదిలో లైటు వెలుతురు కంటే బయటి వెలుతురు ఎన్నో రెట్లు ఎక్కువ, మన నిద్రా మెలకువా నడిచేది ఆ వెలుతురుని బట్టే. తినడానికి ఒక్క రకం చాలు, బజ్జీలైతే బజ్జీలే. శనగపిండి ఒకరు, మిరపకాయలు ఒకరు తెచ్చుకుంటే ఎవరి మీదా బరువు పడదు.

వానాకాలం కదా, ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఎంతున్నాయో చూసి చెప్పేవాళ్ళు ఒకరు ఎలాగూ ఉంటారు. పది లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, పదమూడుకి రెండోది, పదిహేడుకి మూడోది. ఒకసారి చెప్పుకుని వదిలేయండి, గంటసేపు అదే తవ్వుకుంటే వచ్చినప్పటికంటే దిగులుగా ఇంటికెళ్తారు. లంకల్లో ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి రెండో హెచ్చరిక అంటే బజ్జీల టైము కాదు, పశువుల్ని గట్టు మీదకి తోలుకునే టైము. పెళ్ళి సంబంధాలూ, పిల్లల మార్కులూ ఆ పూటకి ఎత్తకండి, ఆయ్, కష్టమే, తెలుసు.

లేచే ముందు ఒక్కొక్కరూ ఇంట్లో ఆగిపోయిన పని ఒకటి పైకి చెప్పాలి: కరెంటు బిల్లో, సగంలో ఆపిన బ్లౌజో, పరీక్షకి చదవాల్సిన పాఠమో. ఇంటికెళ్ళి గొడుగు మూల పెట్టగానే, కూర్చోకుండా, ఇరవై నిమిషాలు ఆ పని చేయాలి. మంచం ఎక్కారా, వచ్చిన హుషారు అక్కడితో సరి. రాత్రికి "అయిందా?" అని ఒకరికొకరు మెసేజ్ పెట్టుకోండి.

పిలిచినా రాని మనిషి ఉంటే గిన్నెలో నాలుగు బజ్జీలు పెట్టి పట్టుకెళ్ళండి, గుమ్మంలోనే రెండు మాటలు మాట్లాడి వచ్చేయండి. వాన తెరిపిచ్చినా ఆ మనిషి రెండు వారాలుగా అలాగే ఉండి, తిండీ నిద్రా తప్పుతుంటే మాత్రం మన బజ్జీలు సరిపోవు. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీమానస్, నంబరు 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. నంబరు ఇచ్చి ఊరుకోకుండా, పక్కన కూర్చుని ఫోన్ కలిపి ఇవ్వండి.