డేనిష్ స్కిల్లింగ్‌ని చింతపండుతో తోమకండి

హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో పాత తాళాల కుప్పలో నాకొక డేనిష్ 2 స్కిల్లింగ్, అంటే డెన్మార్క్ పాతకాలపు చిల్లర నాణెం, దొరికింది. ఇంటికి తెచ్చి, పూజసామాను తోమినట్టు చింతపండుతో తోమేశాను. నలుపుతో పాటు పైపై వెండి తళుకూ పోయి, లోపలి రాగి ఎర్రగా తేలింది. ఆ చిల్లర నాణేల వెండిలో రాగి బాగా కలిపేవారు మరి!

మీరు డిస్టిల్డ్ వాటర్‌లో ఓ పూట నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. తర్వాత లైటు పక్కనుంచి పడేలా పెట్టి భూతద్దంతో చూడండి. కిరీటం కింద అల్లుకున్న సి అక్షరాలు, 5 అంకె ఉంటే డెన్మార్క్ రాజు ఐదో క్రిస్టియన్ కాలందే, 1670-99. అప్పట్లో 96 స్కిల్లింగులు ఒక రిగ్స్‌డాలర్, అంటే అక్కడి పెద్ద నాణెం.

పీవీసీ కవర్లో పెట్టకండి, పచ్చటి జిగురు పడుతుంది. వానాకాలంలో కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా పొట్లం పక్కన పడేస్తే చాలు.