ఊళ్లోకి నాటు యంత్రం వస్తోందా? ఊడ్పు ముఠాలు ముందే వేసుకోవాల్సిన లెక్క

వరి నాటే యంత్రం ఊళ్లోకి దిగితే ముందు ఖాళీ అయ్యేది ఆడకూలీల చేతులు. ఆకు (నారు) తీయడం, కట్టలు మోయడం, నాటడం కలిపి ఎకరానికి సుమారు పది మంది ఒక రోజు చేసే పని ఇది. వెనక నడుస్తూ తోలే నాలుగు సాళ్ల యంత్రం దాన్ని రెండు మూడు గంటల్లో ముగిస్తుంది. డ్రైవరు, ఇద్దరు సహాయకులు ఉంటే చాలు. రైతుకు మిగిలే డబ్బులో ముఠాకు వాటా రావాలంటే రెండు పనులు ముఠా చేతిలో ఉండాలి: యంత్రానికి సరిపడే నారు పెంచడం, యంత్రం తోలడం. ఈ రెండూ బయటివాళ్ల చేతికి పోతే ముఠాకు మిగిలేది గట్ల పక్కన మూలలు నాటే పనే.

అందుకని యంత్రం కొనడానికి అప్పు మాట ఎత్తకముందే కాగితం మీద లెక్క వేయండి. కింద ఉన్నవి ఉదాహరణ అంకెలు. మీ ఊరి కూలి, మీకిచ్చిన కొటేషన్ పెట్టి తిరగరాసుకోండి.

పన్నెండు మంది ముఠా, రోజు కూలి 500 రూపాయలు అనుకుందాం. చేత్తో రోజుకు ఎకరం పావు దాకా నాటుతారు. సార్వాకు (ఖరీఫ్) 25 రోజులు, దాళ్వాకు (రబీ) 25 రోజులు పని దొరికితే ఏడాదికి 60 ఎకరాలు, ఒక్కొక్కరికి 50 రోజులు, 25,000 రూపాయలు. ఇప్పుడు యంత్రం సంగతి. ధర 3 లక్షలు, ఐదేళ్లలో రాబట్టాలంటే ఏడాదికి 60,000, వడ్డీ 12,000, మొత్తం 72,000. నారుతో కలిపి ఎకరం గుత్త 4,500 అనుకోండి. అందులో పెట్రోలు, ఆయిలు 250, నారుకు మట్టి, ఎరువు, పాలిథిన్ 500, విడిభాగాలు 200 పోతే 3,550 మిగులుతుంది. విత్తనం రైతుదే. పని దినాలు ఎకరానికి ఐదు: నారుకు మూడు, యంత్రం దగ్గర ఒకటి, మోతకూ పోగుంటలు (మొక్క పడని ఖాళీలు) నింపడానికీ ఒకటి.

ఏడాదికి 40 ఎకరాలే దొరికితే యంత్రం ఖర్చు ఎకరానికి 1,800 పడుతుంది, రోజు కూలి 350కి దిగుతుంది. 80 ఎకరాలైతే కూలి 530. అంతా బాగుందనిపించే చోటే ముఠాలు బోల్తా పడతాయి. రోజు కూలి పెరిగింది నిజమే, కానీ 80 ఎకరాలకు 400 పని దినాలే కదా. మనిషికి 33 రోజులు, 17,500 రూపాయలు. చేతి నాటు కన్నా 7,500 తక్కువ. పాత ఆదాయం నిలవాలంటే 105 ఎకరాలు కావాలి. సబ్సిడీతో యంత్రం సగం ధరకు వస్తే 95 చాలు. రోజుకు మూడెకరాల చొప్పున 50 రోజులకు యంత్రం గరిష్ఠంగా 150 ఎకరాలు నాటగలదు. వాన, మరమ్మతు, కాలువ నీటి ఆలస్యం తీసేస్తే 110 దాటడం కష్టం. కాబట్టి రోజు కూలిని కాదు, ఏడాది మొత్తాన్ని పోల్చండి. ఎవరో ఒకరు ఎలాగూ యంత్రం తెస్తున్నారంటే పోలిక మళ్లీ మారిపోతుంది. అప్పుడు 17,500కు ఎదురుగా ఉండేది 25,000 కాదు, దాదాపు సున్నా.

ఇంకో మాట. మీ చుట్టుపక్కల వెదజల్లే సాగుకు, మొలక గింజల్ని నేరుగా మడిలో సాళ్లుగా జార్చే డ్రమ్ సీడర్‌కు మళ్లుతున్న రైతులు ఎందరో లెక్కపెట్టండి. వాళ్లకు నాటే పనే ఉండదు. రెండేళ్లలో సగం ఆయకట్టు అటు పోయేలా ఉంటే ఐదేళ్ల అప్పు చేయకండి, సీజన్‌కు అద్దెకు తెచ్చుకోండి. కొనేట్టయితే డీలరు దగ్గరికి వెళ్లకముందే మండల వ్యవసాయాధికారిని కలిసి, వ్యవసాయ యంత్రీకరణ పథకంలో మహిళా సంఘాలకు ఆ ఏడాది ఎంత రాయితీ ఉందో, ఏ మోడళ్లు జాబితాలో ఉన్నాయో అడగండి.

నారు: అసలు ఆదాయం ఇక్కడే

మామూలు ఆకుమడి నారు ఈ యంత్రానికి పనికిరాదు. వేళ్లు అల్లుకుని చాపలా లేవాలి. ఎకరానికి 58 × 28 సెంటీమీటర్ల ట్రేలు 80 నుంచి 100 పడతాయి. రోజుకు మూడెకరాలు నాటే యంత్రానికి రోజూ 270 ట్రేలు కావాలి, ఒక్కో ట్రే 18 రోజులు నిండి ఉంటుంది. అంటే దాదాపు 5,000 ట్రేలు కొనాలి. ఇది చిన్న ముఠా వల్ల కాదు. కొన్ని ట్రేలు పెట్టుకుని, మిగతా నారును సన్నని రంధ్రాలు పొడిచిన పాలిథిన్ షీటు మీద చెక్క ఫ్రేములతో పెంచి, తర్వాత కత్తిరించండి. ఎకరం నారుకు 15 చదరపు మీటర్ల షీటు సరిపోతుంది. అన్ని యంత్రాలకూ చాప వెడల్పు ఒకటి కాదు. మీ యంత్రంలో నారు చాప పెట్టే పళ్లెం కొలిచాకే ఫ్రేము చేయించండి.

మట్టిని ఎండబెట్టి, 5 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. చిన్న రాయి నాటే ఫింగర్లలో ఇరుక్కుంటే ఫింగరు వంగుతుంది, ఆ సాలు పొడుగునా ఖాళీలే. నాలుగు పాళ్ల మట్టికి బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. పచ్చి పేడ కలిపితే వేడికి మొలక మాడుతుంది. మందం 2 సెంటీమీటర్లు, అన్ని చోట్లా ఒకేలా. ఎకరానికి దాదాపు 300 లీటర్ల మట్టి అవుతుంది కాబట్టి వానలు పడకముందే, మే నెలలోనే జల్లించి కప్పి పెట్టుకోండి.

విత్తనం ఎకరానికి 10 నుంచి 15 కిలోలు. ఉప్పు నీళ్లలో తేలిన తాలు తీసేసి, మంచినీళ్లతో కడిగి, 24 గంటలు నానబెట్టి, 24 గంటలు తడి గోనెలో మండె కట్టండి. మొలక 1–2 మిల్లీమీటర్లు రాగానే చల్లేయాలి. పొడవైతే చేతుల్లో విరుగుతుంది. ట్రేకు 100–150 గ్రాములు, సన్న గింజ రకాలకు తక్కువ. పలుచగా పడితే చాప కట్టదు, కుదుళ్లు ఖాళీ పడతాయి. ఒత్తుగా పడితే నారు పాలిపోయి సన్నబడుతుంది. పైన పలుచగా మట్టి, రెండు మూడు రోజులు వరిగడ్డి కప్పు, చిల్లుల మూతి ఉన్న రోజ్‌క్యాన్‌తో తడి. బకెట్‌తో పోస్తే గింజలన్నీ ఓ మూలకు చేరతాయి.

14 నుంచి 18 రోజుల వయసు, 12–15 సెంటీమీటర్ల ఎత్తు, మూడు ఆకులు ఉన్నప్పుడు నాటాలి. నెల నారు నాటడం అలవాటైన రైతు ‘ఇంకా లేతగా ఉందమ్మా, నాలుగు రోజులాగుదాం’ అంటాడు. ఆగకండి. 20 రోజులు దాటితే వేళ్లు తెగి, ఆకులు నలిగి, నాటిన వారానికి మడి పసుపెక్కుతుంది. నింద యంత్రానికి వస్తుంది, మరుసటి సీజన్ గుత్త పోతుంది.

అందుకే నారంతా ఒకేసారి పోయకండి. రెండు రోజులకొకసారి ఆరెకరాలకు సరిపడా పోయండి. పోసే ముందే ఎకరానికి 1,000 అడ్వాన్సు తీసుకుని, కాలువ నీరు ఆలస్యమైతే నారు నష్టం ఎవరిదో ఆ రోజే మాట్లాడుకోండి. నాటే ముందురోజు నీరు తీసేయాలి. చాప తడిగా ఉంటే విరుగుతుంది, మరీ ఎండితే పళ్లెం మీద జారదు.

మడి దగ్గర

దమ్ము చేసి చదును చేశాక తేలిక నేలలో ఒక రోజు, నల్లరేగడిలో రెండు మూడు రోజులు మట్టి పేరుకోనివ్వాలి. వేలితో గీత గీయండి. వెంటనే కలిసిపోతే ఇంకా మెత్తన, యంత్రం తోసిన బురద పక్క సాలును కప్పేస్తుంది. గీత అసలు కలవకపోతే గట్టిపడింది, నాటిన మొక్క పట్టు దొరక్క తేలిపోతుంది. నిదానంగా కలిస్తే సరిగ్గా ఉన్నట్టు. నీరు 1–2 సెంటీమీటర్లు చాలు. లోతు 2–3 సెంటీమీటర్లు, కుదురుకు 2–4 మొక్కలు. మొదటి పది మీటర్లు నాటి ఆపి చూడండి, లోతు మీట, గ్యాపు అప్పుడే సరిచేయండి. నాలుగైదు ట్రేలు మిగిల్చుకుని వారంలోగా పోగుంటలు నింపాలి.

పంపకం

డ్రైవరు సీజన్‌కు అద్దెకొచ్చిన మగవాడైతే గుత్త మాట్లాడేదీ, డబ్బు లెక్కపెట్టేదీ క్రమంగా అతనే అవుతాడు. కనీసం ముగ్గురు సభ్యులు తోలడం నేర్చుకోవాలి. డీలరు డెమో రోజు వాళ్లే మడిలో దిగాలి. యంత్రాన్ని గట్టు దాటించి తిప్పడానికి బలం కావాలి, దానికి ఇద్దరుండాలి. తోలేవారికి ఎకరానికి 50 అదనం న్యాయం, అంతకు మించితే నారు దగ్గర నడుం వంచేవాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. హాజరు పుస్తకంలో నారు పని దినానికీ, యంత్రం పని దినానికీ విలువ సమానం. విడిభాగాల 200ను విడి ఖాతాలో వేయండి, కూలి తగ్గిన వారం అందులో చేయి పెట్టొద్దు. మానేసే సభ్యురాలికి ఆమె పెట్టిన పెట్టుబడిలో ఎంత తిరిగిస్తారో మొదటి రోజే రాసుకోండి.

తగ్గిన దినాలు పూడ్చడానికి రెండు దారులున్నాయి: సొంతంగా యంత్రం కొన్న రైతులకు నారు చాపలు అమ్మడం, సాళ్లు తిన్నగా ఉంటాయి కాబట్టి 20వ రోజు ప్రాంతంలో సాళ్ల మధ్య తోసే కోనోవీడర్‌తో కలుపు గుత్త తీసుకోవడం. మొదటిదానికి యంత్రం అప్పు కూడా అక్కర్లేదు. అప్పుకు జంకే ముఠాలు ఒక సీజన్ నారుతోనే మొదలుపెట్టడం మేలు.