ముందు చక్రం దగ్గర లొడుకు – 4వ పాఠం: ఇంతకీ జాకీ ఎక్కడ పెట్టారు?

ఈసారి స్టీరింగ్ షాఫ్ట్ సంగతి చెబుదామనుకున్నాను. అది వాయిదా. గతుకుల్లో ముందు చక్రం దగ్గర టక్ మనే శబ్దం ఎక్కడిదో కనుక్కోవడానికి, పోయిన పాఠం చదివి చక్రం ఎత్తి ఊపి చూసినవాళ్లు చాలామంది "ఏమీ ఆడటం లేదు, అన్నీ గట్టిగానే ఉన్నాయి" అన్నారు. ఒకాయన ఇక షాక్ అబ్సార్బర్లే అయి ఉంటాయని రెండూ మార్పించేశాడు. మర్నాడు టమాటా ట్రేలు ఎక్కించుకుని బయల్దేరితే మొదటి గతుకులోనే మళ్లీ టక్!

తప్పు నాదే. చక్రం ఎత్తండి అన్నానే గానీ, జాకీ ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. అందరికీ తెలుసులే అనుకున్నాను.

మీలో ఎక్కువమందివి టార్షన్ బార్ (చుట్టల స్ప్రింగ్‌కు బదులు మెలి తిరుగుతూ బరువు మోసే ఇనుప కడ్డీ) ఉన్న పికప్‌లు. బండి నేల మీద ఉన్నప్పుడు ముందు బరువు టార్షన్ బార్ నుంచి లోయర్ ఆర్మ్‌కు (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కింది చేయి), అక్కడి నుంచి లోయర్ బాల్ జాయింట్ (కప్పులో గుండు తిరిగే కీలు) మీదుగా చక్రానికి దిగుతుంది. మీరు ఛాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తారు. చక్రం వేలాడింది. కానీ టార్షన్ బార్ ఊరుకోదు, ఆర్మ్‌ను కిందికి తోస్తూనే ఉంటుంది. పై ఆర్మ్ వెళ్లి రబ్బరు స్టాపర్‌కు ఆని ఆగిపోతుంది. ఆ తోపుడంతా ఇప్పుడు బాల్ జాయింట్ల మీదే ఉంటుంది. అరిగిన గుండు కప్పులో ఒక పక్కకు అదిమి ఉన్నప్పుడు మీరు రెండు చేతులతో ఊపితే కదులుతుందా? కదలదు. "గట్టిగా ఉంది" అని మీరు రాసుకున్నది ఆ తోపుడు వల్లే.

కాబట్టి జాకీ లోయర్ ఆర్మ్ కింద పెట్టండి, బాల్ జాయింట్‌కు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా. టైరు నేలకు నాలుగు వేళ్ల ఎత్తు లేస్తే చాలు. పై ఆర్మ్‌కూ రబ్బరు స్టాపర్‌కూ మధ్య సందు కనిపించాలి. సందు లేకపోతే జాయింట్ ఇంకా బిగుసుకునే ఉన్నట్టు. వెనక చక్రాలకు దిమ్మలు వేయడం, ఛాసిస్ కింద స్టాండు పెట్టడం గురించి మళ్లీ మళ్లీ చెప్పను.

ఇప్పుడు టైరు కింద గడ్డపార పెట్టి ఇంకొకరిని మెల్లగా పైకి లేపమనండి. మీ చూపుడువేలు ఆర్మ్, నకిల్ (చక్రాన్ని మోసే ఇనుప భాగం) కలిసే చోట ఉండాలి. చెవిని నమ్మకండి. ఛాసిస్ ఇనుప నిచ్చెన లాంటిది, కుడివైపు శబ్దాన్ని ఎడమవైపు వినిపిస్తుంది. జాయింట్ పోయి ఉంటే ప్రతి ఎత్తుకూ వేలి కింద టిక్ మని తగులుతుంది. ఎంత ఆట (వదులు) ఉండొచ్చన్న హద్దు మాన్యువల్‌లో ఉంటుంది. నేను మాత్రం వేలికి తెలిసిందంటే మార్చేస్తాను.

చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపితే ఆడుతోందా? బ్రేక్ తొక్కించి మళ్లీ ఊపండి. ఆట మాయమైతే వీల్ బేరింగ్. అలాగే ఉంటే బాల్ జాయింట్.

శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్ పికప్‌లో స్ప్రింగ్ షాక్ అబ్సార్బర్ చుట్టూనే ఉంటుంది కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ. అయినా జాకీ ఆర్మ్ కిందే పెట్టడం అలవాటు చేసుకోండి. మారుతి సూపర్ క్యారీ లాంటి స్ట్రట్ బండ్లకు (స్ప్రింగూ షాక్ అబ్సార్బరూ ఒకే స్తంభంగా ఉండి, పై ఆర్మ్ లేనివి) మాత్రం ఇది తిరగబడుతుంది, అక్కడ జాకీ ఛాసిస్ కింద పెట్టాలి. ముందు కూడా కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు) ఉన్న బండ్లకు కింగ్‌పిన్ (బాల్ జాయింట్‌కు బదులు ఉండే ఇనుప మేకు) పాఠం వేరే వస్తుంది.

బాల్ జాయింట్ బాగానే ఉందని తేలితే స్టెబిలైజర్ లింకులు (బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ చివర్ల ఉండే చిన్న కీళ్లు) చూడండి. స్పీడ్ బ్రేకర్‌ను రెండు చక్రాలతో ఒకేసారి ఎక్కితే శబ్దం తక్కువ, ఒక్క చక్రం గుంతలో పడితే ఎక్కువ అంటే నా అనుమానం మొదట వాటి మీదే. రెండు వైపులా లింకు విప్పి, ఖాళీ బండిని ఊళ్లోనే మెల్లగా ఒక చుట్టు తిప్పండి. శబ్దం పోతే దొంగ దొరికినట్టే. గతుకుల్లో కటకట వస్తూ, బ్రేక్ మీద కాలు ఆనించగానే ఆగిపోతే ఆ శబ్దం బ్రేక్ కాలిపర్, ప్యాడ్లది (డిస్కును నొక్కి పట్టే భాగాలు).

అన్నట్టు, ఒకసారి నేను రెండు రోజులు వెతికిన శబ్దం సీటు కింద వదిలేసిన జాకీ రాడ్డుది. ఇంట్లో వాళ్లు ఇప్పటికీ గుర్తు చేస్తారు. ముందు సీటు కింద చూడండి.

ఆర్మ్ బుష్‌లు (ఆర్మ్ ఛాసిస్‌కు కలిసే చోటి రబ్బరు ముక్కలు) మార్చినవాళ్లకు ఒక మాట. చక్రం వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలి తిరిగి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. బరువు చక్రాల మీదకు వచ్చాకే ఆఖరి బిగింపు.

అభ్యాసం: ఒకే చక్రాన్ని మొదట ఛాసిస్ కింద, తర్వాత ఆర్మ్ కింద జాకీ పెట్టి చూడండి. వేలికి ఏం తెలిసిందో రెండుసార్లూ రాసుకోండి. రెండో చక్రానికీ అంతే. తర్వాత శబ్దం లేని ఇంకో బండిని, అదే మోడల్‌ది, అడిగి తెచ్చి ఇదంతా దాని మీద మళ్లీ చేయండి. ఒక ఆదివారం మొత్తం పడుతుంది. ఆ కాగితం దగ్గర లేకుండా స్టీరింగ్ షాఫ్ట్ పాఠం మొదలుపెట్టకండి.