కొలంబోకి మిర్చి పంపే ముందు

సంక్రాంతి దాటాక గుంటూరు యార్డుకి కొత్త కాయ రావడం పెరుగుతుంది. ఆ సీజన్‌లో "ఒక్క కంటైనర్ కొలంబోకో ఢాకాకో వేసి చూద్దాం" అనుకుంటూ మొదటిసారి ఎగుమతిలోకి దిగేవాళ్లు ఉంటారు. ఇది వాళ్ల కోసమే రాస్తున్నాను. పార్టీ, అంటే కొనేవాడు, మంచివాడా కాదా అని అందరూ ఆరా తీస్తారు. ఆ దేశంలో డాలర్లున్నాయా అని అడిగేవాళ్లు తక్కువ.

శ్రీలంకలో ఏం జరిగిందో చూడండి. 2019 చివర్లో పన్నులు బాగా తగ్గించారు, ఖజానాకు ఆదాయం పడిపోయింది. ఆ ఏడాది ఈస్టర్ పేలుళ్లు, తర్వాత కోవిడ్. టూరిస్టులతో వచ్చే డాలర్లు ఆగిపోయాయి. 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేయడంతో వరి దెబ్బతిని, బియ్యం కూడా బయట కొనాల్సి వచ్చింది. 2019 చివర 760 కోట్ల డాలర్లున్న ఆ దేశపు విదేశీ మారక నిల్వలు 2022 మార్చికి 200 కోట్ల లోపుకి దిగాయి. కానీ అప్పటిదాకా అక్కడి కేంద్ర బ్యాంకు డాలరును 200 శ్రీలంక రూపాయల దగ్గరే పట్టి ఉంచింది. మార్చి 7న వదిలేసింది. మే నెలకల్లా 360. మధ్యలో ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేస్తున్నామని ప్రకటించారు.

20 వేల డాలర్ల సరుకు తీసుకున్న కొలంబో వ్యాపారి సంగతి ఆలోచించండి. వాళ్ల రూపాయల్లో 40 లక్షలు కట్టాల్సిన చోట 72 లక్షలు. అతను మోసగాడేం కాదు. ఆ డబ్బు ఎలాగో తెచ్చి తన బ్యాంకులో కట్టినా, మనకు పంపడానికి ఆ బ్యాంకు దగ్గర డాలర్లుండాలిగా! "మనం బిల్లు డాలర్లలో రాశాం, మనకేం టెన్షన్" అనుకోవడం అందుకే పొరపాటు.

కాబట్టి రేటు మాట్లాడే ముందే రెండు విషయాలు కనుక్కోండి. ఆ దేశం నిల్వలు ఎన్ని నెలల దిగుమతులకు సరిపోతాయి? బ్యాంకు రేటుకీ బయటి రేటుకీ తేడా ఎంత? తేడా పెరుగుతోందంటే అధికారిక రేటు ఎక్కువకాలం నిలవదు. దిగుమతుల మీద ఆంక్షలు మొదలైతే ఇంకా జాగ్రత్త. బంగ్లాదేశ్‌లో 2024 మే 8న ఒక్క రోజులో డాలర్ 110 టాకాల నుంచి 117కి మారింది.

కొత్త పార్టీకి అరువు మీద, అంటే సరుకు కాగితాలు ముందు, డబ్బు గడువు తర్వాత అనే డీఏ పద్ధతి మీద, ఇవ్వకండి. కొంత అడ్వాన్స్ తీసుకోండి, మిగతాదానికి ఎల్‌సీ (కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు కడతానని కొనేవాడి బ్యాంకు రాసిచ్చే హామీ) అడగండి. ఆ ఎల్‌సీకి మన దేశంలోనిదో, మూడో దేశంలోనిదో మంచి బ్యాంకు కన్ఫర్మేషన్, అంటే ఆ బ్యాంకు కట్టకపోయినా తాను కడతానన్న హామీ, ఉండాలి. కన్ఫర్మేషన్ లేని ఎల్‌సీ అంటే మళ్లీ ఆ దేశపు డాలర్ల మీదే ఆధారపడటం. దీనికి చార్జీ పడుతుంది, నిజమే. అయినా మొదటి కంటైనర్‌కి ఆ ఖర్చు దండగ అనుకోవద్దని నా మాట.

ఎగుమతి డబ్బు రాకపోతే ఆదుకునే ప్రభుత్వ బీమా సంస్థ ఈసీజీసీ పాలసీ తీసుకోండి. కొన్నవాడు దివాలా తీయడం ఒక్కటే కాదు, ఆ దేశం నుంచి డబ్బు బయటికి రాకపోవడం కూడా అందులో కవర్ చేసుకోవచ్చు. ఏ దేశానికి ఎంత పరిమితి ఇస్తున్నారో, ఏ షరతులు పెట్టారో సరుకు బయలుదేరక ముందే చూసుకోండి. రూపాయల్లో బిల్లు వేసే వీలును రిజర్వ్ బ్యాంకు 2022 జులైలో కల్పించింది, కొందరు కొనుగోలుదారులకు అది కుదురుతుంది. మీ బ్యాంకులో అడగండి.

ఇక అప్పు చేసి, కోల్డ్ స్టోరేజీలో ఉన్న టిక్కీలన్నీ (మిర్చి బస్తాలన్నీ) ఒకే దేశానికి పంపకండి. రైతుకివ్వాల్సిన డబ్బు ఎగుమతి డబ్బుతో ముడిపెట్టొద్దు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. అక్కడ డాలర్ దొరక్కపోతే ఇక్కడ రైతు ఇంట్లో పిల్లల ఫీజు ఆగకూడదు.

ఓడ బయలుదేరాక చెడ్డ వార్త వస్తే? సరుకు విడిపించుకోవడానికి ఓడ కంపెనీ ఇచ్చే కాగితం, అంటే ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్, మన చేతిలోనో బ్యాంకు దగ్గరో ఉన్నంతవరకు సరుకు మీద పట్టు మనదే. వెంటనే షిప్పింగ్ ఏజెంట్‌తో, ఈసీజీసీతో మాట్లాడండి. వెనక్కి తేవాలా, వేరే రేవుకి మళ్లించి ఇంకొకరికి అమ్మాలా అన్నది ఆ వారంలోనే తేల్చుకోవాలి. రేవులో కంటైనర్ అద్దె, ఆలస్యానికి పడే డెమరేజీ రోజురోజుకీ పెరుగుతాయి. వేడికీ తేమకీ కాయ రంగు పోతుంది, బూజు పడుతుంది.