ఇంట్లో రెజిన్ కోస్టర్: మొదటి పోత

గ్లాసు కింద పెట్టే బిళ్ల, అంటే కోస్టర్ కోసం 10 సెంటీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల లోతున్న గుండ్రటి సిలికాన్ మౌల్డ్‌తో మొదలుపెట్టండి. దీనికి సుమారు 70 గ్రాముల ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిసి గట్టిపడే పదార్థం) పడుతుంది. సీసా మీద బరువులో 2:1 అని ఉంటే రెజిన్ 46, హార్డెనర్ 23 గ్రాములు. కంటితో కొలవొద్దు, డిజిటల్ కాటా వాడండి. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే ముక్క ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది. మిగిలిన హార్డెనర్‌కు కలవడానికి రెజిన్ దొరకదు మరి.

నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, కిటికీలు తెరిచి, గిన్నె అంచులూ అడుగూ గీకుతూ మూడు నాలుగు నిమిషాలు మెల్లగా కలపండి. గబగబా గిలక్కొడితే బుడగలే. రంగు మొత్తం బరువులో 5 శాతం దాటొద్దు. నీళ్ల రంగులు అసలొద్దు.

సన్నని ధారగా పోసి, పైకొచ్చిన బుడగల మీద లైటర్ మంటను క్షణంపాటు ఆడించండి. ఒకేచోట నిలిపితే మౌల్డ్ కాలుతుంది. దుమ్ము పడకుండా డబ్బా బోర్లించి 24 గంటలు కదపకండి. వానాకాలం తేమకు పైన తెల్లటి పొర కడుతుంది, కాబట్టి పొడి రోజు చూసుకోండి. వాడకానికి మూడు రోజులు ఆగాలి. అప్పుడు కూడా పొగలు కక్కే గ్లాసు పెడితే మామూలు రెజిన్ మెత్తబడి మచ్చ పడుతుంది.