మీరు చేసిన యాడ్-ఆన్ బోర్డు పని చేయడం లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

రాస్ప్‌బెర్రీ పై, బీగల్‌బోన్ బ్లాక్ లాంటి చిన్న కంప్యూటర్ల మీద కూర్చునేలా మనమే ఒక బోర్డు డిజైన్ చేస్తాం. తయారై వస్తుంది, పార్టులన్నీ సోల్డర్ చేస్తాం, పెట్టి ఆన్ చేస్తే ఉలుకూ పలుకూ ఉండదు. అప్పుడు చాలామంది ముందుగా తెరిచేది ప్రోగ్రామ్‌ని. లైబ్రరీలు మారుస్తారు, ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ ఎక్కిస్తారు. తీరా చూస్తే హెడర్‌లో (రెండు బోర్డులనూ కలిపే పిన్నుల కనెక్టర్‌లో) ఒక పిన్‌కి సోల్డర్ సరిగా అంటుకుని ఉండదు.

ఇక్కడ పని జరగాల్సిన వరస ఇది: ముందు పవర్, తర్వాత పిన్నులు, ఆ తర్వాత ఐ2సీ, ఎస్పీఐ లాంటి బస్సులు (చిప్‌లు డేటా పంపుకునే లైన్లు), ఆపైన కెర్నల్ డ్రైవర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో మీ చిప్‌ను నడిపే భాగం), అన్నిటికన్నా చివర మన కోడ్. కింది మెట్టు బాగుందని కొలిచి చూశాకే పై మెట్టుకు వెళ్లాలి. ఒకేసారి రెండు మార్పులు చేయొద్దు. చేస్తే, బాగుపడినా ఏ మార్పు వల్ల బాగుపడిందో తెలియదు.

మల్టీమీటర్, స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) ప్రింట్ తప్పనిసరి. కరెంట్ లిమిట్ పెట్టుకోగల పవర్ సప్లై, ఎనిమిది చానెళ్ల చిన్న లాజిక్ అనలైజర్ కూడా ఉంటే సగం పని అయిపోయినట్టే.

1. పవర్ ఇవ్వకముందే చూడాల్సినవి

బోర్డును కంప్యూటర్ నుంచి తీసేసి మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (రెండు చోట్లు కలిసి ఉంటే బీప్ ఇచ్చే సెట్టింగ్‌లో) పెట్టండి. 5 వోల్ట్ లైన్‌కీ గ్రౌండ్‌కీ, 3.3 వోల్ట్ లైన్‌కీ గ్రౌండ్‌కీ, 5కీ 3.3కీ మధ్య షార్ట్ ఉందేమో చూడండి. పెద్ద కెపాసిటర్లు ఉంటే క్షణం పాటు బీప్ వచ్చి ఆగిపోతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. ఆగకుండా మోగితేనే షార్ట్.

తర్వాత హెడర్ దిశ. సొంత బోర్డుల్లో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇదేనని నా అభిప్రాయం. హెడర్‌ను బోర్డు కింది వైపు పెట్టాలనుకుని ఫుట్‌ప్రింట్‌ను (పిన్నుల రంధ్రాల అమరికను) పై వైపు గీస్తే చాలు, బేసి పిన్నుల వరస సరి పిన్నుల చోటికి వచ్చేస్తుంది. రాస్ప్‌బెర్రీ పై 40 పిన్నుల హెడర్‌లో 1వ పిన్ 3.3 వోల్ట్, 2, 4 పిన్నులు 5 వోల్ట్, 6 గ్రౌండ్. ఐ2సీ డేటా లైన్ 3వ పిన్, క్లాక్ 5వ పిన్. వరసలు తారుమారైతే మీ బోర్డు 3.3 లైన్‌లోకీ, ఐ2సీ డేటా లైన్‌లోకీ నేరుగా 5 వోల్ట్ వెళ్తుంది. క్లాక్ లైన్ గ్రౌండ్‌కి తగులుతుంది. చిప్ కాలిపోయాక కోడ్‌ని ఎంత మార్చినా ఏం లాభం?

దీన్ని పట్టుకోవడం తేలికే. పవర్ లేకుండా రెండు బోర్డులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కంప్యూటర్ యూఎస్‌బీ సాకెట్ లోహపు తొడుగుకీ, మీ బోర్డులోని చిప్ గ్రౌండ్ కాలుకీ మధ్య కంటిన్యుటీ చూడండి. బీప్ రాకపోతే అక్కడే ఆగండి. ఇలా కలిపి పెట్టినప్పుడే షార్ట్ పరీక్ష మళ్లీ ఒకసారి చేయాలి. మీ బోర్డు కింద పొడుచుకొచ్చిన సోల్డర్ కాళ్లు కంప్యూటర్ మీదున్న ఈథర్‌నెట్, హెచ్‌డీఎంఐ సాకెట్ల తొడుగులకు తగిలే అవకాశం ఉంది. స్పేసర్లు వేయకుండా నెట్టుకొచ్చే బోర్డుల్లో ఈ షార్ట్ ఒకసారి కనిపిస్తుంది, ఇంకోసారి కనిపించదు.

2. పవర్ ఇచ్చి కొలవడం

మొదటిసారి కంప్యూటర్ లేకుండా మీ బోర్డు ఒక్కదానికే బెంచ్ సప్లై నుంచి పవర్ ఇవ్వండి. కరెంట్ లిమిట్ 100 మిల్లీఆంప్స్ దగ్గర పెట్టి మొదలుపెట్టవచ్చు. లిమిట్ తగిలి వోల్టేజ్ పడిపోతే, వేలితో తడిమితే ఏ చిప్ వేడెక్కుతోందో తెలిసిపోతుంది.

ఇది సరిపోయాక రెండూ కలిపి, లోడ్ మీద ఉన్నప్పుడు హెడర్ దగ్గరే 5 వోల్ట్ కొలవండి. రాస్ప్‌బెర్రీ పై సుమారు 4.63 వోల్ట్ కన్నా కిందికి పోతే తక్కువ వోల్టేజ్ హెచ్చరిక ఇస్తుంది. వీసీజెన్‌కమాండ్ (vcgencmd) అనే కమాండ్‌తో థ్రాటిల్ స్థితి (get_throttled) అడగండి. సున్నా వస్తే బాగున్నట్టు. హెక్స్ 50000 వస్తే బూట్ అయ్యాక ఎప్పుడో ఒకసారి వోల్టేజ్ పడిపోయిందన్నమాట, 50005 వస్తే ఇప్పుడు కూడా పడిపోయే ఉంది. రిలేలు, మోటార్లు, ఎల్‌ఈడీ స్ట్రిప్పులను 3.3 వోల్ట్ పిన్ మీద వేయొద్దు. వాటికి వేరే సప్లై ఇచ్చి గ్రౌండ్ మాత్రం కలపండి.

వేరే సప్లై ఉన్న బోర్డుల్లో ఇంకో చిక్కు ఉంది. కంప్యూటర్ ఆఫ్‌లో ఉండగా మీ బోర్డు ఆన్‌లో ఉంటే, సిగ్నల్ పిన్నుల ద్వారా కరెంట్ వెనక్కి ప్రాసెసర్‌లోకి పారుతుంది. బీగల్‌బోన్ బ్లాక్‌లో దీనివల్ల ప్రాసెసరే పాడవచ్చు. ఆ బోర్డు ‘యాడ్-ఆన్ పెడితే బూట్ అవదు, తీస్తే అవుతుంది’ అన్నట్టు ఉంటే పీ8 హెడర్‌లో 31 నుంచి 46 వరకు ఉన్న పిన్నులను అనుమానించండి. ఎక్కడి నుంచి బూట్ కావాలో ప్రాసెసర్ నిర్ణయించుకునేది రీసెట్ సమయంలో ఆ పిన్నులను చూసే. మీ సర్క్యూట్ ఆ క్షణంలో వాటిని లాగి పట్టుకోకూడదు. దాని అనలాగ్ ఇన్‌పుట్లకు 1.8 వోల్ట్ దాటకూడదన్నది కూడా మర్చిపోవద్దు.

3. సిగ్నల్ లైన్ల వోల్టేజ్

ఈ రెండు కంప్యూటర్ల డిజిటల్ పిన్నులూ 3.3 వోల్ట్‌వి. 5 వోల్ట్‌ని తట్టుకోలేవు. ఏమీ నడవనప్పుడు ఐ2సీ లైన్లు రెండూ 3.3 దగ్గర నిలబడాలి. 5 దగ్గర కనిపిస్తే వెంటనే పవర్ తీసేయండి, ఏదో మాడ్యూల్ మీది పుల్-అప్ (లైన్‌ను పైకి లాగి పట్టే రెసిస్టర్) 5 వోల్ట్‌కి పోతోంది. సున్నా దగ్గర ఉంటే షార్ట్ అయినా ఉండాలి, ఏదో చిప్ లైన్‌ను కిందికి పట్టుకుని కూర్చుని అయినా ఉండాలి.

రాస్ప్‌బెర్రీ పై 3, 5 పిన్నులకు బోర్డు మీదే 1.8 కిలో ఓమ్ పుల్-అప్‌లు ఉన్నాయి. మీ బోర్డులో మళ్లీ పెట్టి, దానికి తగిలించిన సెన్సర్ మాడ్యూళ్లలో కూడా ఉంటే అన్నీ సమాంతరంగా కలిసి మొత్తం విలువ తగ్గిపోతుంది. సుమారు 1 కిలో ఓమ్ కన్నా తగ్గితే చాలా చిప్‌లు లైన్‌ను సరిగా కిందికి లాగలేవు.

బూట్ అవుతుండగా రిలే టక్కుమని పడుతోందా? పాత మోడళ్ల నుంచి పై 4 వరకు రీసెట్‌లో జీపీఐఓ (ప్రోగ్రామ్‌తో నడిపే పిన్నులు) 0 నుంచి 8 వరకు పుల్-అప్‌తో, 9 నుంచి 27 వరకు పుల్-డౌన్‌తో లేస్తాయి. దానికి తగ్గ పిన్ ఎంచుకోండి, లేదా బయట ఒక రెసిస్టర్ పెట్టండి.

4. బస్సులో చిప్ కనిపిస్తోందా?

ఐ2సీ-టూల్స్ ప్యాకేజీలోని ఐ2సీ-డిటెక్ట్ కమాండ్‌తో (రాస్ప్‌బెర్రీ పైలో అయితే) బస్ 1 స్కాన్ చేయండి. అంకె కనిపిస్తే చిప్ బతికే ఉంది. ‘యూయూ’ అని కనిపించినా మంచిదే. ఆ అడ్రస్‌ను కెర్నల్ డ్రైవర్ తన చేతిలో పెట్టుకుందని దాని అర్థం. దాన్ని చూసి చిప్ పోయిందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఏమీ కనిపించకపోతే అడ్రస్ మళ్లీ చూసుకోండి. కొన్ని డేటాషీట్లు రీడ్-రైట్ బిట్‌ని కూడా కలిపి 8 బిట్లుగా రాస్తాయి. అందులో హెక్స్ ఏ0 అని ఉంటే లినక్స్‌లో అది 50. గాల్లో వదిలేసిన అడ్రస్ పిన్నుల వల్ల కూడా అడ్రస్ ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. స్కాన్ నత్తనడక నడిస్తే క్లాక్ లైన్ ఇరుక్కుందనో, పుల్-అప్ లేదనో అనుమానించండి. చిప్ కనిపిస్తున్నా అప్పుడప్పుడూ చెత్త విలువలు వస్తుంటే అది క్లాక్‌ను సాగదీసే (తాను సిద్ధమయ్యే దాకా క్లాక్ లైన్‌ను కిందికి పట్టి ఆపే) రకమేమో చూడండి. పై 4 వరకు ఉన్న రాస్ప్‌బెర్రీ పై ఐ2సీ హార్డ్‌వేర్‌కి ఈ విషయంలో ఉన్న లోపం అందరికీ తెలిసిందే. వేగం తగ్గించడమో, సాఫ్ట్‌వేర్ ఐ2సీ ఓవర్‌లే (ఏ పిన్నుల మీద ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కి చెప్పే ఫైల్) వాడటమో చేయాలి.

ఎస్పీఐకి స్కాన్ ఉండదు. బోర్డు తీసేసి రాస్ప్‌బెర్రీ పైలో 19, 21 పిన్నులను (డేటా పంపేది, అందుకునేది) ఒక జంపర్‌తో కలిపి పరీక్ష డేటా పంపండి. పంపిందే తిరిగొస్తే కంప్యూటర్ వైపు తప్పు లేదు. బోర్డు పెట్టాక అన్నీ ఎఫ్‌ఎఫ్ గానీ, అన్నీ 00 గానీ వస్తే చిప్-సెలెక్ట్ లైన్, తర్వాత ఎస్పీఐ మోడ్ చూడండి. యూఆర్ట్‌లో (సీరియల్ పోర్టులో) అయితే రెండే ప్రశ్నలు: టీఎక్స్ (పంపే లైన్), ఆర్‌ఎక్స్ (అందుకునే లైన్) ఎదురెదురుగా కలిపారా, లాగిన్ కన్సోల్ ఆ పోర్టును పట్టుకుని ఉందా.

5. గుర్తింపు ఈప్రామ్

రాస్ప్‌బెర్రీ పై హ్యాట్ బోర్డుల్లో (దాని ప్రమాణం ప్రకారం చేసిన యాడ్-ఆన్ బోర్డుల్లో) 27, 28 పిన్నుల మీద హెక్స్ 50 అడ్రస్‌లో చిన్న ఈప్రామ్ (బోర్డు వివరాలు దాచే మెమరీ చిప్) ఉంటుంది. బూట్ సమయంలో దాన్ని చదివితే, ప్రాక్ కింద డివైస్-ట్రీ ఫోల్డర్‌లో హ్యాట్ అనే ఫోల్డర్ (/proc/device-tree/hat) వస్తుంది. అందులో మీరు రాసిన ఉత్పత్తి పేరు ఉంటుంది. రాకపోతే చిప్ రకం చూడండి: 24సీ32 లాంటి 16 బిట్ల అడ్రసింగ్ చిప్ కావాలి, 24సీ02 పనికిరాదు. ఈ రెండు లైన్లకు 3.9 కిలో ఓమ్ పుల్-అప్‌లు మీ బోర్డు మీదే ఉండాలి. రాసేటప్పుడు రైట్-ప్రొటెక్ట్ తీశారో లేదో కూడా చూడండి.

బీగల్‌బోన్‌లో ఈప్రామ్ అడ్రసులు హెక్స్ 54 నుంచి 57 వరకు. రెండు కేప్‌లకు (బీగల్‌బోన్ యాడ్-ఆన్ బోర్డులకు) ఒకే అడ్రస్ ఉంటే ఒకదాన్నొకటి పాడుచేస్తాయి.

నా సలహా, ఈప్రామ్ జోలికి చివర్లో వెళ్లండి. ముందు ఓవర్‌లేను కాన్ఫిగ్ ఫైల్లో చేత్తో రాసి బోర్డును నడిపించండి. అది నడిచాకే ఈప్రామ్‌లోకి ఎక్కించండి.

6. కెర్నల్ ఏమంటోంది?

డీమెసేజ్ (dmesg, కెర్నల్ సందేశాల చిట్టా) చదవండి. అందులోని తప్పు నంబర్ చూడండి. మైనస్ 121 అంటే చిప్ జవాబివ్వలేదు, నాలుగో భాగానికి వెనక్కి వెళ్లండి. మైనస్ 110 అంటే సమయం మించిపోయింది. మైనస్ 517 నిజానికి తప్పు కాదు: డ్రైవర్ ఇంకో భాగం కోసం, చాలాసార్లు రెగ్యులేటర్ కోసమో క్లాక్ కోసమో, ఎదురు చూస్తోంది. అది ఎప్పటికీ రాకపోతే ఓవర్‌లేలో దాని ప్రస్తావన తప్పుగా ఉన్నట్టు. ఒక పిన్‌ను ఇప్పటికే వేరేవాళ్లు తీసుకున్నారని కనిపిస్తే ఆ పేరు చూస్తే చాలు. బీగల్‌బోన్ బ్లాక్‌లో అది సాధారణంగా హెచ్‌డీఎంఐ లేదా ఈఎంఎంసీ (బోర్డు మీదే ఉన్న స్టోరేజ్). వాటిని బూట్ సెట్టింగుల్లో ఆపాలి.

ఏ సందేశమూ లేకుండా డ్రైవర్ మౌనంగా ఉంటే, ఓవర్‌లేలోని కంపాటిబుల్ (ఏ డ్రైవర్ కావాలో చెప్పే compatible) పదం డ్రైవర్‌లో ఉన్నదానితో కామాతో సహా అక్షరం పొల్లుపోకుండా కలవాలి. స్టేటస్ ‘ఓకే’ (okay) అని ఉండాలి. ఇంకోటి, 2023లో వచ్చిన బుక్‌వార్మ్ (రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ వెర్షన్) నుంచి కాన్ఫిగ్ ఫైల్ బూట్ కింద ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లోకి మారింది. పాత ట్యుటోరియల్ చూసి పాత చోట రాస్తే ఏమీ మారదు.

7. ఇప్పుడు మీ కోడ్

జీపీఐఓ 17 అంటే హెడర్‌లో 11వ పిన్. హెడర్‌లో 17వ పిన్ 3.3 వోల్ట్. ఈ రెండు లెక్కలూ కలగలిసిపోయాయేమో ముందు చూడండి. పై 4లో నడిచిన కోడ్ పై 5లో నడవకపోతే మీ బోర్డుని తిట్టకండి. పై 5లో పిన్నులు ఆర్‌పీ1 అనే వేరే చిప్ చేతిలో ఉంటాయి కాబట్టి పాత ఆర్‌పీఐ-జీపీఐఓ లైబ్రరీ అక్కడ పని చేయదు. లిబ్-జీపీఐఓడీ వాడండి.

అప్పుడప్పుడే వచ్చే తప్పు మిగిలిపోతే, మీ బోర్డును ఇంకో కంప్యూటర్ మీద, బాగా పని చేసే వేరే బోర్డును మీ కంప్యూటర్ మీద పెట్టి చూడండి. తప్పు ఎటు వెళ్తే అటు వెతకండి. వేలితో నొక్కితే పని చేసే బోర్డుకి హెడర్ పిన్నులన్నీ ఫ్లక్స్ వేసి మళ్లీ సోల్డర్ చేయండి. మోటార్ తిరిగినప్పుడే తప్పు వస్తే మళ్లీ రెండో భాగానికి వెళ్లి, మోటార్ తిరుగుతుండగా 5 వోల్ట్ లైన్‌ను ఆసిలోస్కోప్‌లో చూడండి. అంత చిన్న కుదుపు మల్టీమీటర్‌కి అందదు.